చిన్న మాట వెనుక 'ఇంగ్'

రైలు టికెట్టు ఇంకా ఖరారు కాలేదని చెప్పడానికి మన ఇళ్ళలో పెద్దలు "టికెట్టు వెయిటింగ్‌లో ఉంది" అంటారు. పింఛను మంజూరు కాకపోతే "ఫైలు పెండింగ్‌లో పడింది" అంటారు. పండుగ దగ్గర పడితే ఆడపిల్లలు "షాపింగ్‌కి" బయలుదేరుతారు, మగపిల్లలు బండిని "పార్కింగ్‌లో" పెట్టి వస్తారు. ఈ మాటలు పలికేవారిలో బడి గడప తొక్కనివారు కూడా ఉన్నారు. అయినా ఒక్కరి నోటా తప్పు దొర్లదు. ఆంగ్ల క్రియకు 'ఇంగ్' చేరిన రూపాన్ని వారు నామవాచకంగా గ్రహించి, దాని వెనుక మన విభక్తిని తగిలిస్తున్నారు. ఆంగ్లేయులు తమ భాషలో చేసేది కూడా సరిగ్గా ఇదే. మనం విభక్తిని మాటకు వెనుక చేరుస్తాము, వారు దానిని ముందు నిలుపుతారు. ఆ ముందు నిలిచే చిన్న మాటనే ప్రిపోజిషన్ అంటున్నాము.

ఇంతటి సహజజ్ఞానం ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లవాడే సెలవు కోసం ఉత్తరం రాయవలసి వచ్చినప్పుడు "థ్యాంక్ యూ ఫర్ గివ్ మీ లీవ్" అని రాస్తున్నాడు. ఉద్యోగ దరఖాస్తును "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ" అని ముగిస్తున్నాడు. దీనికి కారణం అతని తెలివిలో లోపం కాదని మేము భావిస్తున్నాము. అతనికి నియమం చెప్పారు గాని, ఆ నియమం తన ఇంటి భాషలోనే ఉన్నదని ఎవరూ చూపలేదు.

మన దేశంలో తరతరాల విద్యార్థులు చదివిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో 'ప్రెజెంట్ పార్టిసిపుల్' ఒక పాఠం, 'జెరండ్' మరొక పాఠం. రెండింటి రూపం ఒక్కటే: క్రియ చివర 'ఇంగ్'. ఏది ఏదో గుర్తుపట్టమని పరీక్షలో అడుగుతారు, పిల్లలు ఊహించి రాస్తారు. నిజానికి ఈ భేదం మనకు చాలా సులువుగా తెలియవలసినది. తెలుగులో 'చేస్తూ' వేరు, 'చేయడం' వేరు. మొదటిది శత్రర్థకం, రెండవది భావార్థకం. ఉర్దూ మాట్లాడే ఇంట్లో 'జాతే హుఏ' వేరు, 'జానే సే' వేరు. మదరసాలో సర్ఫ్ చదివిన పిల్లలకైతే ఇస్మె ఫాఇల్ ఒకటి, మస్దర్ మరొకటి అని ముందే తెలుసు. హర్ఫె జర్ వెనుక మస్దర్ నిలుస్తుందే గాని నేరుగా క్రియ నిలవదని కూడా తెలుసు. మూడు భాషలలోనూ పని చేస్తున్న స్థితికి ఒక రూపం, పని పేరుకు మరొక రూపం ఉన్నాయి.

ఆంగ్లంలో కూడా ఒకప్పుడు అలాగే ఉండేవి. ప్రాచీన ఆంగ్లంలో 'చేస్తూ' అనే అర్థానికి 'ఎండె' అనే ప్రత్యయం, 'చేయడం' అనే అర్థానికి 'ఉంగ్' లేదా 'ఇంగ్' అనే ప్రత్యయం వాడేవారు. మధ్యయుగపు ఆంగ్లంలో ఈ రెండూ కలిసిపోయి 'ఇంగ్' ఒక్కటే మిగిలింది. అందువల్లనే 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణంలో దాని ప్రధాన రచయితలు హడిల్‌స్టన్, పులమ్ ఈ రెండు పేర్లను విడదీయక 'జెరండ్-పార్టిసిపుల్' అని ఒకే పేరుతో వ్యవహరించారు. వ్యాకరణవేత్తలే వదిలివేసిన ఆ సరిహద్దు వద్ద మన పదేళ్ళ పిల్లలను నిలబెట్టి ప్రశ్నించడం వల్ల ఒరిగేది తక్కువ. వారికి కావలసినది ఒక్కటే: ప్రిపోజిషన్ వెనుక వచ్చే 'ఇంగ్'ను 'డం'గా చదువుకోవడం. "ఇంటరెస్టెడ్ ఇన్ లెర్నింగ్" అంటే నేర్చుకోవడంలో ఆసక్తి. "బై సెల్లింగ్ ది హౌస్" అంటే ఇల్లు అమ్మడం ద్వారా. "గుడ్ యట్ కుకింగ్" అంటే వండటంలో నేర్పు. 'ఇన్', 'ఆన్', 'యట్', 'బై', 'ఆఫ్', 'ఫ్రమ్', 'ఎబౌట్' – వీటి వెనుక క్రియ రావలసి వస్తే అది 'ఇంగ్' వేషంలోనే రావాలి. 'బట్', 'ఎక్సెప్ట్' అనే రెండు మాత్రం కొన్నిచోట్ల ఈ నియమాన్ని తప్పించుకుంటాయి. "హి డిడ్ నథింగ్ బట్ క్రై" అన్నప్పుడు 'క్రై' ఒట్టి క్రియగానే నిలిచింది.

అయితే ప్రతిచోటా 'డం' అని తర్జుమా చేస్తే తెలుగు నవ్వులపాలవుతుంది. "థ్యాంక్ యూ ఫర్ కమింగ్" అన్నదానికి మనం "వచ్చినందుకు కృతజ్ఞతలు" అంటాము. "ఆన్ సీయింగ్ ది మూన్" అంటే "నెలవంక కనిపించగానే". "ఆఫ్టర్ ఈటింగ్" అంటే "తిన్న తరువాత". "బిఫోర్ ఈటింగ్" విషయంలో తెలుగు ఒక వింత చేస్తుంది: "తినకముందు" అంటుంది. ఇంకా తినలేదు కనుక తెలుగు క్రియ వ్యతిరేక రూపం ధరించింది. ఆంగ్లంలో ఆ వ్యతిరేకతకు చోటు లేదు. మందుల చీటీ చదివే కొందరు "బిఫోర్ నాట్ ఈటింగ్" అని తమలో తాము అనువదించుకుని తికమకపడటానికి మూలం ఇక్కడే ఉంది.

'కుండా' అనే మన ప్రత్యయం దగ్గర ఈ చిక్కు మరింత బిగుస్తుంది. "అడగకుండా తీసుకున్నాడు" అన్నది ఆంగ్లంలో "హి టుక్ ఇట్ వితౌట్ ఆస్కింగ్" అవుతుంది. ఇక్కడ 'వితౌట్' అనే మాటే లేమిని మోస్తున్నది, కాబట్టి 'ఇంగ్' నిశ్చింతగా అనుకూల రూపంలో నిలిచింది. ఇంతవరకు సులువే. "వాన అతన్ని రాకుండా ఆపింది" అన్నప్పుడు చూడండి. తెలుగులో 'రాకుండా' అనే వ్యతిరేకం ఉంది. ఆంగ్లంలో "ది రెయిన్ ప్రివెంటెడ్ హిమ్ ఫ్రమ్ కమింగ్" అంటారు. అంటే రావడం నుండి అతన్ని ఆపింది. మన పిల్లలు "ప్రివెంటెడ్ హిమ్ నాట్ టు కమ్" అని రాస్తారు. తెలుగులోని 'కుండా' వారి చేతిని లాగి 'నాట్' అనిపిస్తుంది. ఆంగ్లం చదివేవారికి ఆ వాక్యం, వాన అతన్ని రప్పించిందా ఆపిందా అన్న సందేహం కలిగిస్తుంది. 'ప్రివెంట్', 'స్టాప్', 'ప్రొహిబిట్', 'కీప్' అనే క్రియలు ఇటువంటివే. "పిల్లలను మందులు ముట్టుకోకుండా చూడండి" అన్నది "కీప్ చిల్డ్రన్ ఫ్రమ్ టచింగ్ ది మెడిసిన్స్". అమ్మలు పిల్లలకు ఆంగ్లం చెప్పేటప్పుడు ఈ ఒక్క 'కుండా'ను పట్టుకుని పది వాక్యాలు చేయిస్తే, పుస్తకంలోని జాబితాలు బట్టీపట్టించడం కంటే మేలు.

'ఫర్' కథ వేరు. "హైదరాబాద్‌కు ఎంబీఏ చేయడం కోసం వచ్చాను" అన్నది తెలుగులో మచ్చలేని వాక్యం. ఉర్దూలో 'కర్నే కే లియే' కూడా అంతే. అందుకే "ఐ కేమ్ టు హైదరాబాద్ ఫర్ డూయింగ్ ఎంబీఏ" అని మన నోట సహజంగా వస్తుంది. ఆంగ్లంలో మనిషి తన ఉద్దేశం చెప్పేటప్పుడు 'టు డూ' అంటాడు, 'ఫర్ డూయింగ్' అనడు. వస్తువు ప్రయోజనం చెప్పేటప్పుడు మాత్రం 'ఫర్' వెనుక 'ఇంగ్' చక్కగా ఒదుగుతుంది: "దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ మీట్". ఈ కత్తి మాంసం కోయడానికి. జరిగిపోయిన పనికి మెచ్చుకున్నా, నిందించినా, జరిమానా వేసినా అక్కడ కూడా 'ఫర్' వెనుక 'ఇంగ్' వస్తుంది: "హి వాజ్ ఫైన్డ్ ఫర్ పార్కింగ్ హియర్". అప్పుడు దాని తెలుగు 'కోసం' కాదు, 'నందుకు'. తెలుగులో 'నందుకు' అనగలిగిన చోట 'ఫర్' వెనుక 'ఇంగ్' రాయవచ్చునన్న కొలత చాలావరకు పనికివస్తుంది.

ఇక 'టు'. మా దృష్టిలో ఈ విషయమంతటిలోను నిజమైన ప్రమాదం ఉన్నది ఇక్కడే.

ఆంగ్లంలో 'టు' అనే మాట రెండు పాత్రలు పోషిస్తుంది. "ఐ వాంట్ టు గో"లో అది క్రియ ముందు నిలిచే గుర్తు, దాని వెనుక ఒట్టి క్రియ వస్తుంది. "ఐ వెంట్ టు ది మార్కెట్"లో అది ప్రిపోజిషన్, దాని వెనుక నామవాచకం వస్తుంది. రెండవ రకం 'టు' వెనుక క్రియ రావలసి వస్తే తక్కిన ప్రిపోజిషన్ల మాదిరిగానే 'ఇంగ్' తప్పనిసరి. ఈ రెండింటి తేడా మన చెవికి అందదు. తెలుగులో 'కి' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది: బజారుకి, చూడటానికి. మరి గుర్తుపట్టడం ఎలా? 'టు' వెనుక క్రియ తీసి ఒక నామవాచకం పెట్టి చూడాలి. "లుకింగ్ ఫార్వర్డ్ టు ది వెడ్డింగ్" అనవచ్చు, కాబట్టి "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ" అనే రాయాలి. "ఐ వాంట్ టు ది వెడ్డింగ్" అనలేము, కాబట్టి అక్కడ 'టు గో' మాత్రమే. 'అబ్జెక్ట్ టు', 'అకస్టమ్డ్ టు', 'విత్ ఎ వ్యూ టు', 'ఇన్ అడిషన్ టు' – ఇవన్నీ ఆ పరీక్షలో నెగ్గి 'ఇంగ్'ను కోరుకునేవే.

ఉత్తరంలో 'మీటింగ్'కు బదులు 'మీట్' అని రాస్తే పోయేది కొంత గౌరవం మాత్రమే. 'యూస్డ్ టు' దగ్గర తప్పితే పోయేది అంతకంటే పెద్దది. మధుమేహం ఉన్న పెద్దాయనను కొడుకు విదేశంలో వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడనుకుందాం. "మై ఫాదర్ యూస్డ్ టు టేక్ ఇన్సులిన్" అంటే, నాన్నగారు పూర్వం ఇన్సులిన్ తీసుకునేవారు, ఇప్పుడు తీసుకోవడం లేదని వైద్యుడు గ్రహిస్తాడు. "మై ఫాదర్ ఈజ్ యూస్డ్ టు టేకింగ్ ఇన్సులిన్" అంటే, ఇన్సులిన్ తీసుకోవడం ఆయనకు అలవాటే అని గ్రహిస్తాడు. పలికేటప్పుడు రెండు చోట్లా 'యూస్ట్ టు' అనే వినిపిస్తుంది. తేడా చూపేవి ముందున్న 'ఈజ్', వెనుకనున్న 'ఇంగ్' మాత్రమే. 'అలవాటు' అనే మన మాటతో రెండింటినీ సరిపెట్టుకునే ఇంట్లో ఈ భేదం ఎవరికీ తట్టదు. 'తీసుకునేవారు', 'తీసుకోవడానికి అలవాటుపడ్డారు' అని తెలుగులో విడదీసి పలికి, ఆ తరువాత ఆంగ్లానికి వెళ్ళాలి. ఇంకా మేలైన మార్గం, వైద్యుని వద్ద ఈ అలంకారాలు వదిలి "హి టేక్స్ ఇన్సులిన్ నౌ" అని సూటిగా చెప్పడం.

'స్టాప్' అనే క్రియ వెనుక కూడా ఇటువంటి చీలికే ఉంది. "హి స్టాప్డ్ టు ప్రే" అంటే దారిలో నమాజు కోసం ఆగాడు. "హి స్టాప్డ్ ప్రేయింగ్" అంటే నమాజు మానివేశాడు. ప్రయాణంలో ఉన్న అల్లుని గురించి దూరదేశపు బంధువులకు సందేశం పంపేటప్పుడు ఈ రెండింటిలో ఒకటి మరొకటిగా మారితే ఆ ఇంట్లో రేగే కలకలం ఊహించుకోవచ్చు.

ప్రిపోజిషన్ మారితే 'ఇంగ్' అర్థం కూడా మారుతుంది. "టయర్డ్ ఫ్రమ్ వాకింగ్" అంటే నడిచి అలసిపోయాను. "టయర్డ్ ఆఫ్ వాకింగ్" అంటే నడవడమంటే విసుగు పుట్టింది. నడిస్తే ఆయాసం వస్తున్న రోగి రెండవది చెబితే, ఆయనకు వ్యాయామం మీద ఆసక్తి పోయిందని అనుకునే అవకాశం ఉంది.

ఇప్పటివరకు ప్రిపోజిషన్ పక్కన 'ఇంగ్' నిలబడటం చూశాము. కొన్ని 'ఇంగ్' రూపాలు అంతటితో ఆగక తామే ప్రిపోజిషన్లుగా మారిపోయాయి. 'రిగార్డింగ్', 'కన్సర్నింగ్', 'ఇన్‌క్లూడింగ్', 'ఎక్స్‌క్లూడింగ్', 'ఫాలోయింగ్', 'పెండింగ్', 'బారింగ్', 'ఓయింగ్ టు', 'అకార్డింగ్ టు' ఈ కోవలోనివే. 'డ్యూరింగ్' అన్నది నిలిచి ఉండటం అనే అర్థంగల 'డ్యూర్' అనే పాత క్రియ నుండి పుట్టింది. ఆ క్రియ వాడుకలోంచి తప్పుకుంది, దాని 'ఇంగ్' రూపం మాత్రం నిలిచింది. ఇది కూడా మనకు కొత్త కాదు. చిన్ననాడు పంతులుగారు చెప్పించిన విభక్తుల పట్టికను గుర్తుచేసుకోండి. ద్వితీయా విభక్తిలో 'కూర్చి, గురించి', పంచమిలో 'పట్టి' ఉన్నాయి. రూపం చూస్తే ఇవి 'చేసి', 'వచ్చి' వంటి క్త్వార్థక క్రియలే. గురించు, పట్టు అనే క్రియలు నడిచి నడిచి విభక్తులుగా స్థిరపడ్డాయి. 'రిగార్డింగ్'కు సరైన తెలుగు 'గురించి' అని చెప్పినప్పుడు మనం అర్థాన్ని మాత్రమే కాదు, ఆ రెండు మాటల పుట్టుకను కూడా కలిపి చెబుతున్నాము.

వీటిలో న్యాయశాస్త్రం ఎక్కువగా ప్రేమించినది 'నాట్‌విత్‌స్టాండింగ్'. 'అయినప్పటికీ', 'ఏమి ఉన్నప్పటికీ' అని దాని అర్థం. మన రాజ్యాంగంలోని 343వ అధికరణం మొదటి ఖండంలో దేవనాగరి లిపిలోని హిందీని కేంద్రానికి అధికార భాషగా ప్రకటిస్తుంది. వెంటనే రెండవ ఖండం ఈ మాటతోనే ప్రారంభమై, ఆంగ్లాన్ని మరో 15 సంవత్సరాలు కొనసాగనిస్తుంది. మూడవ ఖండం తిరిగి ఇదే మాటతో మొదలై, ఆ తరువాత కూడా ఆంగ్లాన్ని కొనసాగించే చట్టం చేయడానికి పార్లమెంటుకు అధికారం ఇస్తుంది. ఏ పత్రంలోనైనా ఒక నిబంధన ఈ మాటతో మొదలైతే, దానితో పేచీపడే ముందరి నిబంధనలు దానికి దారి ఇవ్వవలసిందేనని అర్థం. కాబట్టి అద్దె ఒప్పందమో బ్యాంకు కాగితమో చేతికి వచ్చినప్పుడు ముందుగా వెతకవలసిన మాట అదే.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళే మన సోదరులకు ఈ వ్యాకరణం నేరుగా జీతానికి సంబంధించినది. ఒప్పంద పత్రంలో జీతం పక్కన "ఇన్‌క్లూడింగ్ ఫుడ్ అండ్ అకామడేషన్" అని ఉంటే తిండి, వసతి ఖర్చు ఆ అంకెలోనే కలిసి ఉందన్నమాట. ఆ జీతంలో నుండే భోజనం చేయాలి. "ఎక్స్‌క్లూడింగ్" అని ఉంటే ఆ అంకె తిండికీ వసతికీ సంబంధం లేనిది. అవి కంపెనీ ఇస్తుందో లేదో మరొక నిబంధనలో చూసుకోవాలి. 'ఇన్‌క్లూడింగ్' అనగానే తిండి కూడా ఉచితంగా ఇస్తారని సంతోషించేవారు ఉన్నారు. కలుపుకున్నది జీతంలోనా, సౌకర్యాలలోనా అన్నది ఆ మాట ఏ నామవాచకం వెనుక నిలిచిందో చూస్తేనే తెలుస్తుంది.

అదే పత్రంలో మరొకచోట కూడా కళ్ళు ఆగాలి. ప్రిపోజిషన్ వెనుక వచ్చే 'ఇంగ్'కు సాధారణంగా కర్త ఉండడు. ఆ పని ఎవరు చేశారో చాలాచోట్ల ప్రధాన వాక్యంలోని కర్తను చూసి తెలుసుకోవాలి. తెలుగులో 'చేసి' అనే క్త్వార్థకానికి కూడా ఇదే పద్ధతి: "తిని వెళ్ళాడు" అంటే తిన్నవాడూ వెళ్ళినవాడూ ఒక్కడే. 'తిన్న తరువాత' అన్నప్పుడు మాత్రం తెలుగు మనకు స్వేచ్ఛ ఇస్తుంది. "నేను తిన్న తరువాత ఆయన వెళ్ళాడు" అనగలము. ఆంగ్లంలో "ఆఫ్టర్ ఈటింగ్, హి లెఫ్ట్" అంటే తిన్నది కూడా ఆయనే. నేను తిన్నానని చెప్పాలంటే "ఆఫ్టర్ ఐ ఏట్" అని కర్తను బయటపెట్టక తప్పదు.

ఇప్పుడు ఈ రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టి చదవండి. "ఆన్ టెర్మినేటింగ్ ది కాంట్రాక్ట్, ది ఎంప్లాయీ షల్ పే హిజ్ ఓన్ ఎయిర్‌ఫేర్." ఇందులో 'టెర్మినేటింగ్' పనికి కర్త ఉద్యోగి. అతడే ఒప్పందాన్ని రద్దు చేసుకుంటే తిరుగు ప్రయాణపు విమానం ఛార్జీ అతనిది. రెండవది: "ఆన్ టెర్మినేషన్ ఆఫ్ ది కాంట్రాక్ట్, ది ఎంప్లాయీ షల్ పే హిజ్ ఓన్ ఎయిర్‌ఫేర్." 'ఇంగ్' పోయి ఒట్టి నామవాచకం వచ్చింది. దానితోపాటు కర్త కూడా మాయమయ్యాడు. రద్దు చేసినది కంపెనీ అయినా సరే, ఛార్జీ ఉద్యోగి మీదనే పడుతుందని వాదించడానికి ఆ వాక్యం అవకాశమిస్తుంది. సంతకానికి ముందు ఏజెంటును అడిగి, ఆ చోట "ఇఫ్ ది ఎంప్లాయీ టెర్మినేట్స్ ది కాంట్రాక్ట్" అని కర్త పేరుతో సహా రాయించుకోవచ్చు.